పొలిమేర దాటిన తుపాకి

గోదావరి దక్షిణపు గట్టున, భద్రాచలమునకు ఎదురుగా నున్న సారపాక నుండి ఒక శ్రోత ఈ మధ్య మా కేంద్రమునకు ఉత్తరము వ్రాసినారు. వారి తండ్రిగారికి పంటకాపు కొరకు తీసుకొన్న లైసెన్సు తుపాకి ఒకటి కలదు. చెల్లెలిని చింతూరు ఇచ్చినారు. తమ్ముడు అమెరికాలో, డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. సెలవులకు వచ్చిన ఆ తమ్ముడు, "మా టెక్సాసులో పిస్తోలును కోటు మాటున పెట్టుకొని తిరుగుటకు ఏ కాగితమూ అక్కరలేదు" అన్నాడట. అది విని తండ్రిగారు, "అట్లయిన నేను నా తుపాకి భుజాన వేసికొని అల్లుని ఊరికి పోవుటకు అడ్డేమున్నది? నా దగ్గర కాగితము కూడ ఉన్నది గదా!" అన్నారట. రెండు దినములు ఇంటిలో వాదము సాగి, ఎంతకును తెగక, చివరకు రేడియోవారిని అడుగుదమని నిశ్చయించుకొన్నారు.

ప్రశ్న చిన్నదిగా కనిపించును గాని, మన ప్రాంతమున ఇది వట్టి కుతూహలము కొరకు అడుగు ప్రశ్న కాదు. కొత్తగూడెమున బస్సెక్కి భద్రాచలము వంతెన దాటి ముందుకు పోయినచో, ఊరు దాటినంతనే ఎటపాక వచ్చును. అది ఆంధ్రప్రదేశ్. చింతూరు కూడ ఆ రాష్ట్రములోనిదే. ఆ రోడ్డు వెంటనే మరికొంత దూరము సాగినచో కుంట వచ్చును. అది ఛత్తీస్‌గఢ్. కుంటకు ఆవల, శబరీ సీలేరు నదులు కలియు చోట, మోటు అను ఊరున్నది. అది ఒడిశా. పొద్దున బయలుదేరిన మనిషి సూర్యుడు నడినెత్తికి వచ్చులోపల మూడు రాష్ట్రముల నేల త్రొక్కి, నాలుగవదానిని ఏటికి ఆవల చూడవచ్చును. ఇంతటి పొలిమేరల కూడలిలో ఉన్నవారికి, ఏ వస్తువు ఏ గట్టు వరకు తమ వెంట రావచ్చునో తెలియుట అవసరమే.

ముందు డల్లాసు అబ్బాయి మాట చూతము. అతడు చెప్పినది అబద్ధము కాదు. అమెరికాలో ఆయుధముల విషయమై సమాఖ్య చట్టములు కొన్ని ఉన్నను, బహిరంగ స్థలములలో తుపాకిని ఒంటిమీద ధరించి తిరుగు విషయమును చాలవరకు ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే నిర్ణయించుకొనును. దుస్తుల మాటున పిస్తోలు ధరించుటకు కొన్ని రాష్ట్రములు ప్రత్యేకమైన అనుమతి పత్రము ఇచ్చును. వెర్మాంటు రాష్ట్రము అట్టి పత్రమును ఏనాడును అడుగలేదు. టెక్సాసులో 2021 సెప్టెంబరు 1 నుండి, 21 ఏండ్లు నిండి, చట్టరీత్యా అనర్హులు కానివారికి ఆ పత్రము అవసరము లేకపోయినది. 2024 నాటికి ఇట్టి రాష్ట్రములు 29కి చేరినవి. ఇంకొక వైపు, ఇల్లినాయి రాష్ట్రము 2013 వరకు సామాన్య పౌరునికి ఆ అనుమతి ఇచ్చు పద్ధతియే పెట్టుకొనలేదు. న్యూయార్కులో, తగిన ప్రత్యేక కారణము చూపినగాని అనుమతి ఇయ్యని నియమము నూరేండ్లకు పైగా నడచినది. 2022 జూన్ 23న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసినది.

ఇక వారి పొలిమేరల సంగతి. డల్లాసు నుండి కారులో చికాగో పోవువాడు టెక్సాసు, ఓక్లహోమా, మిస్సూరీ రాష్ట్రముల మీదుగా పోవును. ఈ మూడింటిలోను అతనికి కాగితము అక్కరలేదు. సెయింట్ లూయిస్ నగరమున మిస్సిసిపీ వంతెన దాటగానే ఇల్లినాయి వచ్చును. అక్కడ చట్టమే వేరు. బయటి రాష్ట్రపువాడు కారులో ఉన్నంతసేపు కొంత వెసులుబాటు కలదు. కారు దిగి తుపాకితో వీథిలో నడుచుటకు మాత్రము టెక్సాసు హక్కు అక్కరకు రాదు. కొన్ని రాష్ట్రములు ఒకదాని పత్రమును మరొకటి మన్నించుకొనును. కాలిఫోర్నియా ఎవరి పత్రమును మన్నించదు. అందుచేత ఆ దేశమున ప్రయాణము చేయు తుపాకిదారుడు రోడ్ల పటముతో పాటు చట్టముల పటము కూడ దగ్గర ఉంచుకొనవలసి వచ్చును. ప్రయాణికుల చిక్కు కొంత తీర్చుటకై 1986లో అక్కడి కాంగ్రెసు ఒక వెసులుబాటు కల్పించినది. బయలుదేరు చోటను, చేరు చోటను తుపాకి ఉంచుకొనుట చట్టసమ్మతమైనచో, తూటాలు తీసివేసి, ప్రయాణికుల చేతికి అందనట్లు ఉంచి, నడుమనున్న రాష్ట్రముల మీదుగా తీసికొనిపోవచ్చును.

ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. మన ఇండ్లలో ఎందరి పిల్లలో చదువులకని, కొలువులకని ఆ దేశములో ఉన్నారు. విద్యార్థుల ఎఫ్-1, ఉద్యోగుల హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకి కలిగియుండుటను అక్కడి సమాఖ్య చట్టము సాధారణముగా నిషేధించుచున్నది. వేట లైసెన్సు ఉన్నవారికి వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే కలవు. టెక్సాసులో కాగితము అక్కరలేదన్న మాట ఆ నిషేధమును తొలగించదు. స్నేహితుని పిస్తోలు సరదాకు నడుమున దోపుకొన్న కుర్రవానికి నేరారోపణయు, దేశము విడువవలసిన గతియు రెండును పట్టవచ్చును. సారపాక తమ్ముడు ఏ వీసాపై ఉన్నాడో ఉత్తరములో లేదు. అన్నగారు అడిగి తెలిసికొనుట మంచిది.

ఇప్పుడు మన దేశపు సంగతికి వత్తము. మన రాజ్యాంగమున ఆయుధములు, తుపాకులు, మందుగుండు, ప్రేలుడు పదార్థములు కేంద్ర జాబితాలో 5వ అంశముగా ఉన్నవి. అనగా తెలంగాణకొక తుపాకి చట్టము, ఛత్తీస్‌గఢ్‌కు మరొక తుపాకి చట్టము ఉండుటకు వీలులేదు. 1959లో పార్లమెంటు చేసిన ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దేశమంతటికిని అదియే ఆధారము. దానికి అనుబంధముగా 1962లో ఒక నియమావళియు, దానిని తొలగించుచు 2016లో మరొక నియమావళియు వెలువడినవి. లైసెన్సు ఇచ్చువారు జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరు. హైదరాబాదు వంటి మహానగరములలో పోలీసు కమిషనరు. వీరు రాష్ట్ర ప్రభుత్వపు అధికారులే గాని, ఇచ్చునది కేంద్ర చట్టము క్రింది లైసెన్సు.

ఈ 1959 చట్టమునకు పూర్వము దొరతనమువారు 1878లో చేసిన చట్టము ఉండెడిది. దాని ఉద్దేశము భారతీయుని చేతిలో తుపాకి లేకుండ చూచుట. తెల్లవారికి తొలుత అందులో మినహాయింపులుండెడివి. స్వాతంత్ర్యానంతరపు చట్టములో నాకు నచ్చిన వాక్యము ఒకటి కలదు: దరఖాస్తు పెట్టినవానికి తగినంత ఆస్తి లేదను ఒక్క కారణముచేత లైసెన్సు నిరాకరింపరాదని 14వ సెక్షను చెప్పుచున్నది. అట్లే, పంటకాపు కొరకు మూతి నుండి మందు కూరి పేల్చు తుపాకిని గాని, ఆత్మరక్షణకో క్రీడకో ఇరువది అంగుళములకు తగ్గని నునుపు గొట్టపు తుపాకిని గాని అడిగినవానికి, అనర్హత ఏమియు లేనిచో, లైసెన్సు ఇయ్యవలెననియే 13వ సెక్షను పలుకుచున్నది. పిస్తోలు, రివాల్వరు వంటి వాటికి తగిన కారణమున్నదని అధికారి తృప్తి చెందవలెను. అడవి అంచున జొన్నచేను కాచుకొను రైతును చట్టము మరచిపోలేదన్నమాట. ఇరువది యొకటి ఏండ్లు నిండనివారికి లైసెన్సు లేదు. 2019 సవరణ తరువాత ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. లైసెన్సు కాలము మూడేండ్ల నుండి ఐదేండ్లకు పెరిగినది.

మరి దుస్తుల మాటున ధరించుటకు ప్రత్యేక అనుమతి? అట్టిది మనకు లేదు. ఆశ్చర్యమేమనగా, అమెరికాలో ఏది ప్రత్యేకమైన హక్కో, మన దగ్గర అది దాదాపు విధి. పిస్తోలు వంటిదైనచో ఒరలో గాని సంచిలో గాని ఉండవలెననియు, పొడవు తుపాకి దానికి తగిన తొడుగులో ఉండవలెననియు, ఏదైనను బహిరంగ స్థలమున పూర్తిగా కప్పబడి ఉండవలెననియు 2016 నియమావళి చెప్పుచున్నది. నలుగురిలో తుపాకి ఝళిపించుట నిషిద్ధము. పెండ్లిండ్లలో సంబరము కొరకు గాలిలోనికి కాల్చి ఇతరుల ప్రాణములకు ముప్పు తెచ్చువానికి, 2019 సవరణ ప్రకారము, రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. కనుక సారపాక పెద్దాయన తుపాకిని బట్టబయలుగా భుజాన వేసికొని పోదుననుట పొలిమేర దాటకముందే తప్పు.

పొలిమేర విషయము లైసెన్సు పుస్తకములోనే వ్రాసియుండును. చాలమంది చూడని గడి అది. ఈ లైసెన్సు ఏ ప్రాంతమున చెల్లును అని దాని అర్థము. అందులో జిల్లా పేరు ఉండవచ్చును, రాష్ట్రము పేరు ఉండవచ్చును, పొరుగు రాష్ట్రములు చేరియుండవచ్చును, లేదా భారతదేశమంతయు అని ఉండవచ్చును. 2010 మార్చి 31న కేంద్ర హోంశాఖ ఒక విధానము ప్రకటించి, దేశమంతటా చెల్లు లైసెన్సులను కేంద్ర మంత్రులు, పార్లమెంటు సభ్యులు, సైనికులు, దేశములో ఎక్కడికైనను బదిలీ కాగల అధికారులు వంటి కొన్ని తరగతులకు పరిమితము చేసినది. ఇతరులకు తగిన కారణమున్నచో, గరిష్ఠముగా మూడు పొరుగు రాష్ట్రముల వరకు అనుమతించు అవకాశమును రాష్ట్ర ప్రభుత్వములకు వదలినది. పంటకాపు తుపాకులకు సాధారణముగా అంత దూరపు అవసరమే ఉండదు గనుక ఆ గడిలో జిల్లా పేరే కనిపించుట సహజము.

అనగా మిస్సిసిపీ వంతెన మీద చట్టము మారును. గోదావరి వంతెన దాటి పొలిమేర చేరినచోట చట్టము మారదు, మన చేతిలోని అనుమతి మాత్రము ఆగిపోవును. ఎటపాకలో గాని, కుంటలో గాని పోలీసువారు చదువు చట్టము కొత్తగూడెములో చదువునదే. కాని ఆ గడిలో తమ ప్రాంతము పేరు లేనిచో ఆ పుస్తకము వారికి వట్టి కాగితము. లైసెన్సు షరతులను అతిక్రమించినవారికి 30వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు ఖైదు, రెండువేల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. అసలు లైసెన్సే లేని తుపాకియైనచో శిక్ష రెండేండ్లకు తగ్గక ఐదేండ్ల వరకు పోవును. నిజమైన అవసరమున్నవారు ప్రయాణమునకు ముందే లైసెన్సు ఇచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టుకొని ఆ గడిని విస్తరింపజేసికొనవచ్చును. లైసెన్సుదారుడు కోరినప్పుడు షరతులు మార్చు అధికారము 17వ సెక్షనులో ఉన్నది.

ఇంతవరకు మనిషి పొలిమేర దాటుట గూర్చి చెప్పితిమి. మన ప్రాంతపు విచిత్రమేమనగా, ఇక్కడ పొలిమేరయే మనుష్యులను దాటుచు వచ్చినది. 1860లో నైజాము నుండి ఆంగ్లేయులకు వచ్చిన భద్రాచల ప్రాంతము కొంతకాలము మధ్యపరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరినది. ఇవతలి గట్టున బూర్గంపాడు, పాల్వంచ, కొత్తగూడెము నైజాము నేల. ఆనాడు గోదావరి రెండు ప్రభుత్వముల, రెండు చట్టముల నడుమ పారెడిది. అంటే అమెరికావారి మిస్సిసిపీ కథ ఒకప్పుడు మన ముంగిటనే జరిగినదన్నమాట. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసినది. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది. 1956లో రెండు గట్లును ఒకే రాష్ట్రమైనవి. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు వచ్చినవి. 1965లో వంతెన వచ్చినది. అటుపిమ్మట అర్ధ శతాబ్దికి దగ్గరగా సారపాక తుపాకికిని చింతూరు తుపాకికిని ఒకే కలెక్టరు కచ్చేరి.

2014లో రాష్ట్ర విభజనతో పాటు పోలవరము ప్రాజెక్టు కారణముగా కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము మండలములును, పట్టణము తప్ప భద్రాచలము మండలమును, బూర్గంపాడు మండలములోని కొన్ని గ్రామములును ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016 అక్టోబరు 11న ఇటువైపు భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న అటువైపు కొత్త జిల్లాలు ఏర్పడగా చింతూరు, కూనవరము, ఎటపాక మండలములు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోను చేరినవి. నివాసము మార్చిన లైసెన్సుదారుడు కొత్త చోటి అధికారికి ఆ సంగతి తెలుపవలెనని నియమము. కుక్కునూరు రైతు ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు. అతని తుపాకి గోడకు వ్రేలాడిన చోటనే వ్రేలాడినది. అయినను అతని లైసెన్సును చూచుకొను కచ్చేరి ఖమ్మము నుండి ఏలూరుకు చేరినది. ఇట్టివారి చిక్కును దృష్టిలో పెట్టుకొని వ్రాసిన నియమము ఒక్కటియైనను నా కంట పడలేదు. తమ లైసెన్సు పుస్తకములోని జిల్లా పేరు పాతదైనచో, గడువు తీరువరకు ఆగక, ఇప్పటి కలెక్టరు కచ్చేరిలో సరిచూపించుకొనుట వివేకము. 2012 నియమ సవరణ తరువాత లైసెన్సులన్నియు ఒక జాతీయ పట్టికకు ఎక్కి, ప్రతిదానికిని ఒక ప్రత్యేక సంఖ్య ఏర్పడినది గనుక, ఆ సంఖ్య తమ పుస్తకములో ఉన్నదో లేదో కూడ అప్పుడే చూచుకొనవచ్చును.

చట్టము ఒక్కటియే అంటిమి గదా, పొరుగు రాష్ట్రముల మధ్య తేడాలే లేవా? కొన్ని కలవు. కర్ణాటకలోని కొడగు జిల్లాలో కొడవ జాతివారికిని, జమ్మా భూములు కలవారికిని కొన్ని తుపాకులకు లైసెన్సు నుండి మినహాయింపు ఉన్నది. బ్రిటిషువారి నాటి నుండి వచ్చిన ఈ మినహాయింపును 2019 అక్టోబరులో 2029 వరకు పొడిగించినారు. అదియు ఇచ్చినది కేంద్రమే, కర్ణాటక కాదు. మన కోయవారికి తుపాకి విషయమున అట్టిదేమియు లేదు. వారి విల్లంబులకు, గొడ్డలికి మాత్రము మామూలుగా లైసెన్సు అడుగరు. తుపాకి కాని ఆయుధములకు, ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన ప్రాంతములలోనే లైసెన్సు అవసరము. ఇంటి పనికి, సేద్యపు పనికి చేసిన పనిముట్లు ఆ లెక్కలోనికే రావు.

అడవి దగ్గరివారు ఎరుగవలసినది వేరొకటి ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, అభయారణ్యమునకు పది కిలోమీటర్ల లోపల నివసించు లైసెన్సుదారులు అటవీశాఖవారి వద్ద పేరు నమోదు చేయించుకొనవలెను. ఆ పరిధిలో కొత్తగా తుపాకి లైసెన్సు ఇయ్యవలెనన్న వన్యప్రాణి ముఖ్య సంరక్షకుని సమ్మతి ముందుగా కావలెను. అనుమతి లేక ఆయుధముతో అభయారణ్యములో అడుగుపెట్టరాదు. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని 1977 నుండి అభయారణ్యము. విస్తీర్ణము దాదాపు 635 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టు పది కిలోమీటర్ల గీత గీసినచో ఎన్ని పల్లెలు అందులో పడునో పటము చూచినవారికి తెలియును. నది కావలి గట్టున పాపికొండల జాతీయ వనము ఉన్నది. ఇంకొక మాట. చేలో పడిన అడవిపందిని కాల్చుటకు తుపాకి లైసెన్సు ఒక్కటియే చాలదు. పంటను పాడుచేయు జంతువును చంపుటకు వన్యప్రాణి ముఖ్య సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని వ్రాతమూలముగా అనుమతి ఇయ్యవలెను. పంటకాపు తుపాకి అనగానే పందిని పడగొట్టు హక్కు అని తలచి కేసులలో చిక్కుకొనువారిని చూచి విచారము కలుగును. చప్పుడు చేసి బెదరించుటయే దాని మొదటి పని.

ఎన్నికలు వచ్చినప్పుడు పొలిమేర మరింత స్పష్టముగా కనిపించును. 2023 అక్టోబరు 9న తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ శాసనసభలకు ఎన్నికలు ప్రకటింపబడినవి. ఎన్నికల సంఘము ఆదేశముల ప్రకారము అట్టి కాలమున లైసెన్సు తుపాకులను బయట తిప్పుట నిషేధింతురు. జిల్లా స్థాయి సంఘము పరిశీలించి, అవసరమనుకొన్నవారి తుపాకులను ఠాణాలో జమ చేయింతురు. బస్తరు ప్రాంతము నవంబరు 7న, తెలంగాణ నవంబరు 30న ఓటు వేసినవి. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు ఎన్నికలు లేవు. కనుక భద్రాచలములోను కుంటలోను ఆ నియమావళి నడచుచుండగా, రెండింటి నడుమనున్న ఎటపాకలోను చింతూరులోను అది లేదు. రోడ్డు ఒక్కటే, చట్టము ఒక్కటే, అయినను మధ్యనున్న భాగమున తుపాకి గోడ మీదనే ఉన్నది. 2024 మార్చి 16న లోకసభ ఎన్నికలు ప్రకటించినప్పుడు అందరికిని ఒక్కటే అయినది.

సారపాక పెద్దాయనకు మా సమాధానము ఇది. అల్లునింటికి తుపాకి లేకుండ వెళ్ళుడు. తూటాలు వేరుగా, తుపాకి వేరుగా తాళము వేసి ఇంట ఉంచుడు. డెబ్బది ఏండ్లు నిండినచో, లేక ఆ తుపాకి ఇరువదియైదేండ్లుగా మీ వద్ద ఉన్నచో, దానిని కుమారుని పేరికి మార్పించుటకు ఇప్పుడే దరఖాస్తు పెట్టవచ్చును. అట్లు చేయక కాలము చేసినవారి ఇండ్లలో తుపాకి అటక మీద అట్లే పడియుండును. దానిపై అధికారము ఎవరికిని లేని ఆ దినము నుండి అది లైసెన్సు లేని తుపాకియే. తాతగారి జ్ఞాపకమని దాచిన కుటుంబముల మీద కూడ ఆ సెక్షనే పడును. అట్టిది మీ ఇంట ఉన్నచో, ఆలస్యము చేయక దగ్గరి ఠాణాలో గాని, లైసెన్సు గల ఆయుధముల వర్తకుని వద్ద గాని జమ చేసి రసీదు పుచ్చుకొనుడు. వారసులు తమ పేర లైసెన్సు కోరుకొనుటకు ఆ తరువాత కూడ వీలున్నది.